ఇంట్లోవాళ్లకు మిగిలిన టైమేనా?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఇంటి గురించే ఉన్నాయి. భర్త గురించి, పిల్లల గురించి, అత్తగారి గురించి. అందుకని వేరే ప్రశ్నలు వచ్చే నెలకి పెట్టేసి, వీటికే జవాబు రాస్తున్నాను. ఎవరి పేర్లూ వేయడం లేదు.

ప్రశ్న: అక్కా, వందనాలు. మా ఆయనది ప్రైవేటు కంపెనీలో ఉద్యోగం, సంఘంలో పెద్ద కూడా. మంగళవారం గృహకూడిక, బుధవారం బైబిల్ స్టడీ, శుక్రవారం ఉపవాస ప్రార్థన, శనివారం క్వయర్ ప్రాక్టీసు, ఆదివారం పొద్దున వెళ్తే చీకటి పడ్డాకే రావడం. మా బాబు ఏడో క్లాసు, పాప మూడో క్లాసు. మామయ్యగారికి షుగరు ఉంది, కాలికి పుండు పడింది, రోజు విడిచి రోజు డ్రెస్సింగుకి నేనే ఆటోలో తీసుకెళ్తున్నాను. ఏమైనా అంటే, తండ్రినైనా తల్లినైనా నాకంటే ఎక్కువ ప్రేమించేవాడు నాకు తగినవాడు కాడని ప్రభువే చెప్పాడంటారు. నేను నిజంగా దేవుడి పనికి అడ్డుపడుతున్నానా? — ఒక సోదరి, మల్కాజిగిరి

జవాబు: లేదు చెల్లీ, అడ్డుపడటం లేదు. ముందు ఆ భయం తీసేసెయ్.

మీ ఆయన చెప్పిన వాక్యం నిజమే, మత్తయి పదో అధ్యాయంలో ఉంది. కానీ అది ఎవరికి చెప్పిన మాటో చూడాలి. యేసును నమ్మినందుకు సొంత ఇంటివాళ్లే పట్టిస్తారు, తరిమేస్తారు అని శిష్యుల్ని హెచ్చరిస్తూ అన్న మాట అది. ఇంట్లోవాళ్లు నమ్మకం వదిలేయమని బలవంతం చేస్తే ఎవరి వైపు నిలబడాలన్నది అక్కడి విషయం. నాన్న కాలికి కట్టు కట్టించే రోజున క్వయర్ ప్రాక్టీసుకి పోవచ్చా అన్నదానికి జవాబు అక్కడ దొరకదు. ఆ జవాబు మార్కు సువార్త ఏడో అధ్యాయంలో ఉంది.

అప్పట్లో కొందరు ఏం చేసేవారంటే, తల్లిదండ్రులకి ఇవ్వాల్సిన డబ్బుని "ఇది కొర్బాను" అనేసేవాళ్లు, అంటే దేవుడికి అర్పించేశానని. ఆ ఒక్క మాటతో ముసలి తల్లిదండ్రుల బాధ్యత తీరిపోయినట్టే, పైగా భక్తిపరుడన్న పేరు. యేసు వాళ్లని మామూలుగా మందలించలేదు, మీ ఆచారం కోసం దేవుడి ఆజ్ఞనే కొట్టేస్తున్నారన్నాడు. ఇప్పుడు డబ్బు కాకపోవచ్చు, సాయంత్రాలు. "ఈ సాయంత్రం ప్రభువుకి ఇచ్చేశాను" అంటే ఇంట్లో ఎవరు నోరెత్తగలరు? మీ మామయ్యగారు ఎత్తగలరా? ఏడో క్లాసు పిల్లాడు ఎత్తగలడా?

గుడ్ ఫ్రైడే నాడు మన మందిరాల్లో, యేసు సిలువ మీద పలికిన ఏడు మాటల మీద వాక్యం చెబుతారు కదా. మూడో మాట దగ్గరికి వచ్చేసరికి నాకు ప్రతి ఏడాదీ గొంతు పట్టేస్తుంది. లోకం మొత్తం కోసం ప్రాణం పెడుతున్నవాడు, మేకులు కొట్టిన చేతులతో, కింద నిలబడ్డ తల్లి సంగతి చూశాడు. అమ్మా, ఇదిగో నీ కుమారుడు అని శిష్యుడు యోహానుకి అప్పజెప్పాడు. ఆ గడియ నుంచి యోహాను ఆమెని తన ఇంటికి తీసుకెళ్లాడని రాసి ఉంది. అంతకంటే పెద్ద దేవుడి పని ఎవరికైనా ఉందా? ఆయనకే తల్లి సంగతి చూడటానికి తీరిక దొరికింది.

ఇంకో సంగతి. పేతురు వలలు వదిలేసి యేసు వెంట వెళ్లాడని మనం తరచూ ప్రసంగాల్లో వింటాం. వలలు వదిలాడు గానీ ఇల్లు వదల్లేదు. యేసు అతని ఇంటికే వెళ్లి జ్వరంతో పడుకున్న అతని అత్తగారిని చెయ్యి పట్టుకుని లేపాడు. తర్వాత రోజుల్లో పేతురు తన భార్యని వెంట తీసుకునే ఊళ్లు తిరిగేవాడని కొరింథీయులకు రాసిన మొదటి పత్రికలో పౌలు అంటాడు. సంఘ పెద్ద ఎలా ఉండాలో తిమోతికి మొదటి పత్రికలో రాస్తూ, సొంత ఇంటిని చూసుకోవడం చేతకానివాడు దేవుడి సంఘాన్ని ఏం చూసుకుంటాడని అడిగాడు. అదే పత్రిక ఐదో అధ్యాయంలో మరీ గట్టిగా, తనవాళ్లని పట్టించుకోనివాడు అవిశ్వాసి కంటే చెడ్డవాడన్నాడు. అది ఉదాహరణగా అన్న మాట కూడా కాదు, ఇంట్లో ఉన్న ముసలివాళ్లని ఎవరు చూడాలి అన్న చర్చలోనే వచ్చిన మాట. యాజకుడైన ఏలీ షిలోహులో దేవుడి మందిరం చూసుకుంటూ ఇంట్లో కొడుకుల్ని ఆపలేకపోయాడు, ఆ కథ ఎలా ముగిసిందో మీ ఆయనకి నేను చెప్పక్కర్లేదు.

నేను పాస్టరుగారి కూతుర్ని. మెదక్ వైపు పల్లెల్లో నాన్న సైకిల్ మీద తిరిగేవారు. రాత్రి ఇంటికి రాగానే తొట్టి దగ్గర కాళ్లు కడుక్కుని, కండువా దండెం మీద వేసి, తిండికి కూర్చునే ముందు అమ్మ పొయ్యి దగ్గర పీట వేసుకుని వెల్లుల్లి పాయలు ఒలిచేవారు. ఆ పది నిమిషాలూ అమ్మ మాట్లాడేది, ఆయన వినేవారు. ఎవరు అప్పు అడిగారు, ఏ పిల్లకి దగ్గు, బియ్యం ఎన్ని రోజులు వస్తాయి, అంతే. ఆయన ప్రసంగాలు నాకు ఒక్కటీ గుర్తులేదు, ఆ వెల్లుల్లి పొట్టు మాత్రం కళ్లకు కట్టినట్టుంది.

అయినా నేనేం నేర్చుకోలేదు. స్త్రీల సమాజం కార్యదర్శిగా ఉన్న రోజుల్లో అమ్మ ఫోన్ చేసి, ఒకసారి వచ్చి వెళ్లవే అంది. కూటాల పనులున్నాయమ్మా, వచ్చే వారం వస్తానన్నాను. వచ్చే వారం వెళ్లేసరికి పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. నా చెయ్యి పట్టుకుని నోరు కదిపింది గానీ ఏమందో నాకు అర్థం కాలేదు. ఇరవై ఏళ్లయింది. అందుకే ఇది ఇంత పట్టుబట్టి రాస్తున్నాను.

ఇప్పుడు ఏం చెయ్యాలంటే, ఆదివారం రాత్రి అలసిపోయి వచ్చినప్పుడు ఈ మాట ఎత్తొద్దు, పిల్లల ముందు అసలే వద్దు. సెలవు రోజు పొద్దున, గోడ క్యాలెండరు ముందు పెట్టి, వారంలో రెండు సాయంత్రాలు ఇంటికి కావాలని అడుగు. పరిచర్య మానమని కాదు, రెండు సాయంత్రాలు. దానికంటే ముందు, ఈ వారం డ్రెస్సింగుకి మామయ్యగారిని ఆయన్నే తీసుకెళ్లమను. గాజుగుడ్డ విప్పేటప్పుడు నాన్న పళ్లు బిగబట్టి కొడుకు భుజం పట్టుకుంటాడే, అదొక్కటి చాలు, వంద వాక్యాలు చెప్పక్కర్లేదు. అప్పటికీ వినకపోతే మీ పాస్టరమ్మ గారికి చెప్పు. పాస్టరుగారి ఇంట్లో కూడా ఇదే గొడవ ఉండి ఉంటుంది, ఆమెకి ఇట్టే అర్థమవుతుంది.

ప్రశ్న: మేడం, నేను గచ్చిబౌలిలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని, ఉండేది కూకట్‌పల్లి. రోజూ రాత్రి తొమ్మిదిన్నరకి కుటుంబ ప్రార్థన పెట్టుకుంటాం, నలభై నిమిషాలు. మా అమ్మాయి పదో తరగతి. మూడు నెలలుగా కూర్చోనంటోంది. ఫోన్ లాక్కున్నాను, తిట్టాను. మొన్న ఏకంగా "నాకు నమ్మకం లేదు డాడీ" అంది. ఇల్లంతా టెన్షన్‌గా ఉంది. మా నాన్నగారి కాలం నుంచి ఈ ప్రార్థన ఒక్క రోజు ఆగలేదు. — ఒక తండ్రి

జవాబు: తమ్ముడూ, పదో తరగతి పిల్ల పొద్దున ఏ ఆరింటికో లేచి స్కూలు, స్టడీ అవర్లు, ట్యూషన్ అన్నీ అయ్యాక రాత్రి తొమ్మిదిన్నరకి నలభై నిమిషాలు కింద కూర్చోవాలంటే పెద్దవాళ్లమే తూగుతాం. పది నిమిషాలు చెయ్యి. ఒక పాట, నాలుగు వచనాలు, ఒక్కరి ప్రార్థన. వీలైతే భోజనానికి ముందే, అందరూ ఆకలి మీద ఒకచోట చేరినప్పుడు.

ఇంకో మాట అడుగుతాను, కోపం తెచ్చుకోవద్దు. ప్రార్థనలో ఆ పిల్లని తిడుతున్నావా? "ప్రభువా, ఈ ఇంట్లో మాట వినని బిడ్డలున్నారు, వాళ్ల మనసు మార్చు, ఫోన్ బానిసత్వం నుంచి విడిపించు" అని కళ్లు మూసుకుని దేవుడికి చెప్పినట్టు చెబుతూ పిల్లకి వినిపించడం చాలా ఇళ్లల్లో జరుగుతుంది. ఆ పిల్ల ఎదురు మాట్లాడలేదు, ఎందుకంటే అది ప్రార్థన. అలాంటి చోట కూర్చోవాలని ఎవరికనిపిస్తుంది? పిల్లలు తల్లిదండ్రుల మాట వినాలని ఎఫెసీ పత్రిక ఆరో అధ్యాయం మొదట్లో ఉంది, మనందరికీ కంఠతా వచ్చు. మూడు వచనాలు దాటగానే "తండ్రులారా, మీ పిల్లలకు కోపము రేపక" అని మీకూ ఒకటుంది. అక్కడ తండ్రులని పేరుపెట్టి పిలిచాడు, గమనించు.

నమ్మకం లేదందంటే అదేం ఇల్లు కూలిపోయే మాట కాదు. అబద్ధమాడి కూర్చుని ఆమెన్ అనే బదులు నీతో నిజం చెప్పింది, తండ్రితో చెప్పొచ్చు అనుకుంది, అది పోగొట్టుకోకు. శిష్యుడు తోమాకి, యేసు తిరిగి లేచాడా అని అనుమానం వస్తే ప్రభువు ఫోన్ లాక్కోలేదు, చేతులు చూపించాడు. నువ్వూ అడుగు, ఏం నమ్మలేకపోతున్నావు తల్లీ అని. జవాబు తెలియకపోతే తెలియదని చెప్పు. తెలియదని తండ్రి నోటితో వింటే పిల్లలు దగ్గరికి వస్తారు, దూరం పోరు.

ద్వితీయోపదేశకాండం ఆరో అధ్యాయంలో ఈ మాటలు పిల్లలకి ఎప్పుడు నేర్పమన్నాడో చూడు: ఇంట్లో కూర్చున్నప్పుడు, దారిలో నడిచేటప్పుడు, పడుకునేటప్పుడు, లేచేటప్పుడు. అంటే బతుకులో కలిపి చెప్పమని. ఆదివారం పిల్లని బండి మీద ట్యూషన్‌కి దింపేటప్పుడు మీ నాన్నగారి కథ ఒకటి చెప్పు. ఒక్క రోజూ ఆగని ఆ ప్రార్థన ఆయన ఎందుకు మొదలుపెట్టారు, ఏ కష్టంలో మొదలుపెట్టారు? అది తెలియకుండా చాప మీద కూర్చోబెడితే ఆ పిల్లకి అది ఇంటి రూలు లాగే ఉంటుంది. ఫోన్ మాత్రం ఈ రోజే ఇచ్చెయ్.

ప్రశ్న: అక్కా, ఆయన తాగి వచ్చి కొడతాడు. ఇద్దరు పిల్లలు. సంఘ పెద్దల దగ్గరికి వెళ్తే, భార్య లోబడి ఉండాలి, ప్రార్థన చేసుకో, విడిపోవడం దేవుడికి అసహ్యం అని పంపేశారు. — పేరు, ఊరు వద్దు

జవాబు: అమ్మా, ముందు నీ ప్రాణం, పిల్లల ప్రాణం. ఈ రాత్రి భయంగా ఉంటే అమ్మగారింటికో, నమ్మకమైన వాళ్లింటికో వెళ్లు. 181 మహిళా హెల్ప్‌లైన్, పోలీసులకి 100 లేదా 112. హైదరాబాద్‌లో భరోసా సెంటర్ 2016 నుంచి ఉంది, పోలీసు, కౌన్సెలింగ్, లాయరు సాయం ఒకే చోట దొరుకుతాయి. 2005 గృహహింస చట్టం కింద నిన్ను కొట్టకుండా, దగ్గరికి రాకుండా కోర్టు ఆర్డరు ఇవ్వగలదు, ఆ ఇంట్లో ఉండే హక్కు కూడా నీకుంది. ఇల్లు వదిలి వెళ్తే అన్నీ పోతాయని ఎవరు చెప్పినా నమ్మకు.

ఇక ఆ పెద్దలు చెప్పిన వాక్యం. విడనాడటం నాకు అసహ్యం అన్నది మలాకీ రెండో అధ్యాయం, పదహారో వచనం. వాళ్లు సగం చదివి ఆపేశారు. అదే వచనంలో, అదే ఊపిరిలో, బలాత్కారం, అంటే దౌర్జన్యం కూడా నాకు అసహ్యం అని ఉంది. దానికి ముందే, నువ్వు భార్యకి చేసిన ద్రోహానికి నేనే సాక్షిని, అందుకే నీ కానుక పుచ్చుకోను అంటాడు దేవుడు. లోబడటం గురించి చెప్పే ఎఫెసీ ఐదో అధ్యాయంలో భార్యలకు చెప్పక ముందే ఒకరికొకరు లోబడి ఉండమని ఇద్దరికీ ఉంది, భర్తకైతే క్రీస్తు సంఘం కోసం ప్రాణం పెట్టినట్టు ప్రేమించమని ఉంది. భార్యని గౌరవించని వాడి ప్రార్థనకే అడ్డు పడుతుందని పేతురు రాశాడు. కొట్టేవాడు తప్పు చేస్తున్నాడు. నువ్వు బయటికి వచ్చి నిలబడితే దేవుడు నిన్ను తప్పుపట్టడు. ఈ పత్రిక చదివే సంఘ పెద్దలకి నా మనవి, ఇలాంటి చెల్లి మీ గుమ్మం ఎక్కినప్పుడు వాక్యం తర్వాత చెప్పండి, ముందు ఆ రాత్రి ఎక్కడ పడుకుంటుందో అడగండి.

ప్రశ్న: ఆంటీ, మాది ప్రేమ పెళ్లి. నేను క్రిస్టియన్, ఆయన హిందువు, రామ్‌నగర్‌లో అత్తగారితో కలిసి ఉంటాం. నన్ను మందిరానికి ఎవరూ ఆపరు. అత్తగారికి మోకాలి ఆపరేషన్ అయింది. ఈసారి బతుకమ్మకి గునుగు, తంగేడు, బంతిపూలు గుడిమల్కాపూర్ మార్కెట్ నుంచి తెచ్చిపెట్టమ్మా అని అడిగారు. మందిరంలో ఒక అక్కకి చెబితే, విగ్రహారాధనలో పాలుపొందినట్టే అన్నారు. నిద్ర పట్టడం లేదు. — రామ్‌నగర్ కోడలు

జవాబు: తెచ్చిపెట్టమ్మా. కాళ్లు సరిగ్గా లేని పెద్దావిడ కోడల్ని పూలు అడిగింది.

సిరియా సేనాపతి నయమాను కథ ఉంది కదా, రాజుల రెండో గ్రంథం ఐదో అధ్యాయం. కుష్ఠు బాగయ్యాక ఇక నీ దేవుణ్ణే కొలుస్తానని ప్రవక్త ఎలీషాకి మాట ఇచ్చాడు. కానీ ఒక్క చిక్కు చెప్పుకున్నాడు. మా రాజుగారు రిమ్మోను గుడికి వెళ్లి మొక్కేటప్పుడు నా చెయ్యి ఆనుకుంటాడు, నేనూ వంగాల్సి వస్తుంది, ఈ ఒక్క విషయంలో దేవుడు నన్ను క్షమించాలి అని. ఎలీషా ఏం ప్రసంగం చెయ్యలేదు, సమాధానంగా వెళ్లు అన్నాడు. రాజు ఆనుకోవడానికి ఒక చెయ్యి కావాలి, ఆ చెయ్యి ఇస్తున్నవాడి మనసు ఎవరి దగ్గరుందో దేవుడికి తెలుసు. మీ అత్తగారూ ఇప్పుడు నీ చెయ్యి ఆనుకునే నడుస్తున్నారు.

మొక్కడం, పూజ చెయ్యడం వేరు. అది నీ నమ్మకానికి సంబంధించింది, నీ మనస్సాక్షి ఎక్కడ ఆగమంటే అక్కడ ఆగు. "అత్తమ్మా, పూలు నేను తెస్తాను, పళ్లెంలో పేరుస్తాను, ఆడటానికి మాత్రం నన్ను పిలవొద్దు" అని ముందే మెల్లగా చెప్పేస్తే ఆవిడ అర్థం చేసుకుంటారు, నిన్ను మందిరానికి ఆపని మనిషి కదా. ఎంతవరకు అన్నది ఇంకొకరి మాట మీద కాక, నువ్వే ప్రార్థన చేసుకుని తేల్చుకో. ఆ అక్క ప్రేమతోనే చెప్పి ఉంటుంది, ఆమెతో తగువు పెట్టుకోకు.

పౌలు కూడా, అవిశ్వాసి అయిన భర్త కాపురం చెయ్యడానికి ఇష్టపడితే ఆ భార్య వదిలిపెట్టొద్దు అన్నాడు. తిమోతి ఇల్లు చూడు, తండ్రి గ్రీకువాడు, విశ్వాసం తల్లి యునీకే, అమ్మమ్మ లోయి దగ్గర్నుంచి వచ్చింది. అలాంటి కలగలుపు ఇంట్లోంచే పౌలుకి కొడుకులాంటివాడు దొరికాడు. రూతు, నయోమి సంగతి సరేసరి, బైబిల్లో అత్తాకోడళ్ల ప్రేమ మీద ఒక పుస్తకమే ఉంది. గుడిమల్కాపూర్ పొద్దున్నే వెళ్లు, ఎండెక్కితే తంగేడు వాడిపోతుంది.

ప్రశ్న: నాకు 39 ఏళ్లు. పెళ్లి కాలేదు, అమ్మానాన్న లేరు, అమీర్‌పేట హాస్టల్లో ఉంటాను. మా మందిరంలో ఫ్యామిలీ సండే, కపుల్స్ రిట్రీట్, మదర్స్ డే. క్రైస్తవంలో కుటుంబమే అంత ముఖ్యమైతే నాలాంటివాళ్ల చోటెక్కడ? — ఒక చెల్లి

జవాబు: నీ ఉత్తరం చదివాక కాసేపు పెన్ను కింద పెట్టేశాను. యేసుకి పెళ్లి కాలేదు, పౌలుకి భార్య లేదు, అయినా మనం మందిరంలో నీలాంటివాళ్లని చూడగానే మొదట అడిగేది "ఇంకా సంబంధాలు చూడటం లేదా" అనే. ఈ తప్పు నేనూ చేశాను.

తల్లి, తమ్ముళ్లు బయట నిలబడి పిలిపిస్తే యేసు చుట్టూ కూర్చున్నవాళ్లని చూసి, వీళ్లే నా తల్లి, నా సహోదరులు అన్నాడు. ఆ మాట తల్లిని తక్కువ చెయ్యడానికి కాదు, చాప ఇంకాస్త పెద్దది పరచడానికి. అరవై ఎనిమిదో కీర్తనలో దేవుడు ఏకాంగులను సంసారులుగా చేస్తాడని ఉంది. దాన్ని పెళ్లి వాగ్దానంగానే చెబుతుంటాం గానీ, ఆ పైన ఉన్నది తండ్రి లేనివాళ్ల గురించి, విధవరాళ్ల గురించి. ఒంటరిగా ఉన్నవాళ్లకి ఒక ఇల్లు దొరుకుతుందనే నేను చదువుకుంటాను, ఆ ఇల్లు మనదే కావాలి కదా.

పత్రిక ఆఫీసుకి నీ నంబరు పంపించు, నాకు ఇస్తారు. నేను సికింద్రాబాద్‌లోనే ఉంటాను, అమీర్‌పేట నుంచి మెట్రోలో ఎక్కువ దూరం కాదు. ఆదివారం ఆరాధన అయ్యాక మధ్యాహ్నం భోజనానికి రా. మటన్ వండుతాను, తినకపోతే ముందే చెప్పు, పప్పుచారు పెడతాను.